వేపచెట్టుకు వైద్యుడేడీ?

మనిషికి జబ్బు చేస్తే డాక్టరున్నాడు. గేదె మేత మానేస్తే పశువుల డాక్టరున్నాడు. వాకిట్లో వేపచెట్టుకు సుస్తీ చేస్తే మాత్రం మనం కబురు పెట్టేది గొడ్డలి ఉన్నవాడికి!

2021లో జరిగిందిదే. తెలంగాణ అంతటా వేపచెట్లు ఉన్నట్టుండి కొసలనుంచి మాడిపోసాగాయి. పటాన్‌చెరు, సంగారెడ్డి పారిశ్రామికవాడలో చెట్టు వాడితే అనుమానం ముందు పొగగొట్టాల మీదికే పోతుంది. పోదూ మరి! నక్కవాగు నీళ్ళ గొడవతో 1990లో సుప్రీంకోర్టు గడప ఎక్కిన ప్రాంతమిది. కాని పొగగొట్టం కంటికి ఆనని పల్లెల్లోనూ వేపలు అలాగే ఎండాయి. వ్యవసాయ శాస్త్రజ్ఞులు పరీక్షించి, ఇది ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని అనీ, టీ దోమ అనే పురుగు దానికి తోడైందనీ తేల్చారు. మళ్ళీ చిగురిస్తాయి, తొందరపడి కొట్టవద్దన్నారు. ఈలోగా “సచ్చిన చెట్టు సార్, గాలివానొస్తే ఇంటిమీద పడ్తది” అన్న మాట విని, కొట్టించినవాళ్ళు కొట్టించనే కొట్టించారు.

చెట్టుకు వైద్యమనే ఆలోచన మనకు కొత్తదా అంటే, కానే కాదు. వెయ్యేళ్ళ పాతది. అది మళ్ళీ వెలుగులోకి రావడంలో పటాన్‌చెరుకూ కాస్త వాటా ఉంది.

1972లో పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ వెలిసింది. జొన్న, సజ్జ, కంది, శనగ వంటి మెట్టపంటల పరిశోధన దాని పని. అక్కడ పంట తెగుళ్ళమీద ఏళ్ళ తరబడి కృషి చేసి, డిప్యూటీ డైరెక్టర్ జనరల్ దాకా ఎదిగిన శాస్త్రజ్ఞుడు వై.ఎల్. నేనే. (నేనే అంటే రాసిన నేను కాదు; అది మరాఠీ ఇంటిపేరు.) ఆధునిక శాస్త్రంలో పండిన ఆ మనిషికి పాత గ్రంథాల మీద మనసు పోయింది. 1994లో సికింద్రాబాదులో ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ స్థాపించారు. ఎక్కడో ఇంగ్లండులో, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఓ సంస్కృత రాతప్రతిని సంపాదించారు. నళినీ సాధలేగారు దాన్ని ఇంగ్లీషులోకి అనువదించగా 1996లో అచ్చయింది. అదే సురపాలుడి వృక్షాయుర్వేదం.

సురపాలుడు స్వతహాగా వైద్యుడు. మనిషికిలాగే చెట్టుకూ వాత, పిత్త, కఫ దోషాలు అంటగట్టాడు. ఆకు పండుబారితే పిత్తమన్నమాట! నవ్వకండి. గాయానికి మర్రి, మేడి బెరళ్ళు, పేడ, తేనె, నెయ్యి కలిపి పట్టు వేయమన్నాడు. విరిగిన కొమ్మను వరిగడ్డి తాడుతో బిగించి కట్టమన్నాడు. మందుల సంగతి ఎలా ఉన్నా, ఆయన పద్ధతి గమనించండి. ముందు చెట్టు దగ్గరికి వెళ్ళి లక్షణం చూడు, ఆ తర్వాతే చికిత్స.

అలాగని పాతదంతా బంగారమనీ అనుకోనక్కర్లేదు. అమెరికా అటవీశాఖలో అలెక్స్ షైగో అనే శాస్త్రజ్ఞుడు వేలకొద్దీ చెట్లను రంపంతో నిలువునా చీల్చి చూశాడు. 1977లో ఆయన వెల్లడించినదేమిటంటే, చెట్టు గాయం మన పుండులాగా మానదు. చెట్టు దాని చుట్టూ లోపల గోడ కట్టి ఆ భాగాన్ని వేరు చేసేస్తుంది. పైన పూసే తారూ, తొర్రలో కూరే సిమెంటూ ఆ గోడకు సాయపడవు. సాయపడేది సరైన కోత ఒక్కటే. కొమ్మ మొదట్లో ఉంగరంలా ఉబ్బెత్తుగా ఉండే భాగాన్ని వదిలి కోయాలి. కాండానికి సమంగా చెక్కేస్తే గోడకు గండి కొట్టినట్టే. ఇక తల నరికి మోడు చేస్తే, గుబురుగా పుట్టే కొత్త కొమ్మలకు పట్టు తక్కువ. గాలివానకు పెళ్ళున విరిగేవి అవే. ఇంటిమీద పడుతుందన్న భయంతో మనం చేయించే పనే ఆ భయాన్ని నిజం చేస్తుందన్నమాట!

మన దగ్గర చెట్టుకు ఆస్పత్రి మర్యాద దక్కిన సందర్భం ఒకటుంది. పాలమూరు పిల్లలమర్రిలో 2017 డిసెంబరులో చెదలు తొలిచిన పెద్దకొమ్మ కూలింది. 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి, మర్రి ఒంట్లోకి బొట్టుబొట్టుగా చెదలమందు ఎక్కించారు. ఒరిగిన కొమ్మలకు స్తంభాలు ఆసరా పెట్టారు. అది వందల ఏళ్ళ మర్రి, పేరున్న చెట్టు, కనుక సర్కారు పరుగెత్తింది. మన వాకిట్లో ముప్ఫయ్యేళ్ళ వేపకోసం పరుగెత్తాల్సింది ఎవరు?

మనమే. అందుకు పెద్ద చదువేం అక్కర్లేదు. వానలకు ముందే ఎండుకొమ్మలు, తెలిసినవాడిచేత తీయించాలి. మొదలు చుట్టూ సిమెంటు గచ్చు బిగించకుండా జానెడు మట్టి వదలాలి. గొడ్డలికి కబురు పెట్టేముందు నాలుగైదు చోట్ల లేతకొమ్మ బెరడును గోటితో గీకి చూడాలి. లోపల పచ్చగా ఉందా, ప్రాణముందన్నమాటే; ఓ వానాకాలం ఆగి చూడండి.

2021లో ఎండినట్టు కనిపించిన వేపలు చాలావరకు ఆ తర్వాత చిగురించాయి. ఓపిక పట్టినవాళ్ళకు వేపపూత వాకిట్లోనే దొరుకుతుంది. కొట్టించినవాళ్ళు ఉగాదినాడు గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళక తప్పదు.