షౌక్ సైకిల్, జరూరత్ సైకిల్: బాలానగర్ సడక్ చెప్పే తవారీఖ్

2023 అక్టోబర్ 1న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 'హెల్త్‌వే' అనే సైకిల్ ట్రాక్ మొదలైంది. 23 కిలోమీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన 16 మెగావాట్ల సోలార్ పలకల నీడ. అందమైన కట్టడమే, అందులో షక్ లేదు. కానీ ఆ రోజు వార్తలు చదివినవాళ్ళకు ఈ షహర్ సైకిలెక్కడం అప్పుడే నేర్చుకుంటోందేమో అనిపించి ఉంటుంది. బాలానగర్ తవారీఖ్ తెలిసినవాళ్ళు అలా అనుకోరు.

నిజాం జమానాలో, 1932లో, రైల్వే కింద సర్కారీ బస్సులు మొదలైనప్పుడు వాటి సంఖ్య 27 మాత్రమే. సామాన్యుడికి మిగిలిన సవారీలు కాళ్ళూ, సైకిలూ. 1942లో సనత్‌నగర్ వైపు ఆల్విన్ కంపెనీ వచ్చింది. 1960ల్లో బాలానగర్ చుట్టూ కార్ఖానాలు వరుసగా లేచాయి. సోవియట్ సాయంతో ఐడీపీఎల్ మందుల కార్ఖానా, విమానాల ఎలక్ట్రానిక్స్ చేసే హెచ్‌ఏఎల్ వచ్చాయి. 1968లో టూల్ డిజైన్ నేర్పే సీఐటీడీ మొదలైంది. పెద్ద కార్ఖానాలకు విడిభాగాలు చేసిపెట్టే లేత్ మిషన్ షెడ్లు గల్లీగల్లీకీ పుట్టుకొచ్చాయి. ఫతేనగర్, మూసాపేట, బోరబండ, అల్లాపూర్ లాంటి బస్తీలు ఈ రోజ్‌గార్ చుట్టూనే పెరిగాయి.

షిఫ్ట్ సైరన్‌కు అందుకోవాలంటే మజ్దూర్‌కు సైకిల్ కావాలి. వెనక కేరియర్‌కు టిఫిన్ డబ్బా, ముందు హ్యాండిల్‌కు సంచీ. మన ఇళ్ళల్లో సైకిల్ అంటే ఇజ్జత్ కూడా. జహేజ్ మాటల్లో చేతిగడియారం, రేడియోలతో పాటు సైకిల్ పేరూ వచ్చేది. కొనలేనివాళ్ళకు గంట లెక్కన కిరాయి సైకిల్ దుకాణం ఉండేది. పంక్చర్ వేసే మియా, పాలు పోసే భాయ్, బన్నూ రొట్టే తెచ్చే చాచా, ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే ఉస్తాద్, వీళ్ళందరి తిజారత్ రెండు చక్రాల మీదే నడిచింది. వీళ్ళకు సైకిల్ షౌక్ కాదు, జరూరత్.

మరి ఆ సైకిళ్ళు సడక్ మీంచి ఎటు పోయాయి? జనానికి ఆమ్దనీ పెరిగింది, స్కూటర్లు కొన్నారు అంటారు. అది సగం మాటే. ఐడీపీఎల్ లాంటి కార్ఖానాలు కుదేలయ్యాయి. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక పని పడమటికి జరిగింది. నడిచి పోగలిగే దూరంలో ఉన్న రోజ్‌గార్ ఎనిమిది, పది, పదిహేను కిలోమీటర్ల అవతలికి పోయింది. ఆ దూరం కోసం వేసిన ప్రతి సడక్ కారు వేగాన్నే హిసాబ్‌లో పెట్టుకుంది. 2021 జూలైలో బాలానగర్ ఫ్లైఓవర్ వచ్చింది. ఆ చౌరస్తాలో గంటలు కరిగిపోయినవాళ్ళకు అది పెద్ద ఫాయిదా, కాదనలేం. అయితే పైన ఆరు వరుసల దారి వేసినప్పుడు, కింద సైకిల్ మనిషి ఎటు దాటాలన్నది కూడా హిసాబ్‌లోకి రావాలి కదా.

కాగితం మీద ఈ హక్ ఎప్పుడో రాసుంది. 2006 జాతీయ పట్టణ రవాణా విధానం సూటిగా చెప్పింది: సడక్ మీద కదలాల్సింది మనుషులు, బండ్లు కాదు. నడిచేవాళ్ళకూ సైకిల్‌వాళ్ళకూ వాళ్ళ వాటా జాగా ఇవ్వాలని, సైకిల్ దారులకు కేంద్ర నిధుల్లో ప్రాధాన్యం ఉంటుందని రాసుకున్నారు. 2017లో మెట్రో మొదలైన కొత్తలో స్టేషన్ల దగ్గర కిరాయి సైకిళ్ళు పెట్టారు, అంటే పాత దుకాణమే కొత్త లిబాస్‌లో వచ్చిందన్నమాట. 2020లో కోవిడ్ వేళ కేంద్రం నగరాల మధ్య సైకిల్ పోటీ పెడితే, ముందు వరుసలో నిలిచిన 11 నగరాల్లో మన వరంగల్ కూడా ఉంది. అంటే తలుచుకుంటే చేయగలం.

ఇప్పుడు హెల్త్‌వే సంగతి. నానక్‌రాంగూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర. దక్షిణ కొరియాలోని సోలార్ సైకిల్ దారి దీనికి నమూనా. ఎండకు నీడ, కార్ల భయం లేని దారి, పైగా కరెంటు. ఇవన్నీ మెచ్చుకోవాల్సినవే. మస్‌లా ఒక్కటే. బాలానగర్ చౌరస్తా నుంచి నానక్‌రాంగూడకు పదిహేను కిలోమీటర్లకు తక్కువ కాదు. అక్కడిదాకా సైకిల్ మీద సలామత్‌గా వెళ్ళే దారి ఏది? కారు వెనక సైకిల్ కట్టుకుని వెళ్ళగలిగినవాడికి ఆ ట్రాక్ నేమత్. లేత్ మిషన్ దగ్గర నిలబడేవాడికి అది అఖ్బార్‌లో ఫోటో. పేరులోనే ఉంది: అది సెహత్ కోసం వేసిన దారి, రోజ్‌గార్ కోసం వేసింది కాదు.

దునియాలో ఈ పని వేరే తరీఖాలో జరిగింది. నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క ఏడాదిలో సుమారు 3,300 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు, అందులో 400 మందికి పైగా పిల్లలే. తల్లిదండ్రులు సడక్ మీదకొచ్చి హుకూమత్‌ను నిలదీశారు. తర్వాత చమురు సంక్షోభం తోడైంది. అక్కడి సైకిల్ దారులు మొహల్లాను బడితో, బడిని బజారుతో కలుపుతూ పెరిగాయి. కోపెన్‌హేగన్ 2012లో మొదటి 'సూపర్ సైకిల్ దారి'ని పక్క పట్టణం ఆల్బర్ట్స్‌లండ్ దాకా వేసింది, ఇంటి నుంచి పనికి పోయేవాళ్ళ కోసం.

మన ఖవాతీన్ మాట కూడా చెప్పుకోవాలి. 1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమం వేలాది గరీబ్ స్త్రీలకు సైకిల్ నేర్పింది. వాళ్ళలో ముస్లిం స్త్రీలూ ఉన్నారు. నీళ్ళకూ పనికీ పిల్లల బడికీ ఎవరినీ అడగకుండా వెళ్ళే ఆజాదీ వాళ్ళకు దొరికింది. 2006లో బీహార్ బడి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 'బడికొస్తా' పథకం అదే బాటలో నడిచింది. సైకిల్ ఇవ్వడం సగం పనే. అల్లాపూర్ బిటియా ఆ సైకిల్ మీద బడికి పోతుంటే లారీ పక్కనుంచి రాసుకుపోకూడదు. అది మిగతా సగం.

అందుకే బాలానగర్ అడగాల్సింది సోలార్ కప్పు కాదు. ఫతేనగర్ నుంచి మెట్రో స్టేషన్‌కు, అక్కణ్ణుంచి కూకట్‌పల్లి మీదుగా హైటెక్ సిటీకి తెగిపోకుండా సాగే వరుస. చౌరస్తాలో దాటడానికి సిగ్నల్, స్టేషన్ దగ్గర తాళం వేసుకునే జాగా, ఆ వరుసలో కార్లు ఆపనివ్వని నిఘా. వీటికి ఔటర్ పక్కన కట్టినంత ఖర్చు కాదు. కానీ కార్ల నుంచి కొంత జాగా వెనక్కి తీసుకోవాలి, అందుకే కష్టం. షౌక్ సైకిల్‌కు 23 కిలోమీటర్లు దొరికాయి, ముబారక్. జరూరత్ సైకిల్ మాత్రం ఇంకా లారీల మధ్యే దారి వెతుక్కుంటోంది.