ఇన్సులిన్ సీసా గగనయానము

1922 వ సంవత్సరము జనవరి 11 వ తేదీన కెనడా దేశపు టొరంటో నగరమున లియోనార్డ్ థాంప్సన్ అను పదునాలుగేండ్ల మధుమేహపు బాలునకు తొలిసారి ఇన్సులిన్ సూది వేసిననాటికి, ఆ మందు తాను పుట్టిన ఊరి పొలిమేర దాటి యెఱుగదు. మొదటి మోతాదు అశుద్ధమగుటచే ఫలింపలేదు. కాలిప్ అను రసాయనవేత్త శుద్ధిచేసి యిచ్చినదానిని పండ్రెండు దినముల పిమ్మట ఎక్కింపగా బాలుడు తేరుకొనెను. ఆ వార్త విని బిడ్డలను తీసికొని రైళ్ళెక్కినవారిలో అమెరికా విదేశాంగమంత్రి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ కుటుంబము ఒకటి. ఉపవాసచికిత్సచే శుష్కించి, పదునైదేండ్లు నిండవచ్చిన ప్రాయమున సుమారు 20 కిలోల బరువు మాత్రమే తూగిన ఆయన కుమార్తె ఎలిజబెత్, ఆ యేడు ఆగస్టులో టొరంటో చేరి, సూది మందు పుణ్యమా యని 1981 వఱకు జీవించెను. నాడు రోగియే మందు కడకు పోవలసి యుండెను.

మఱుసటి యేటినుండి ఈ గమనము తాఱుమాఱయ్యెను. అమెరికాలో ఎలై లిల్లీ సంస్థయు, డెన్మార్కులో నార్డిస్క్ సంస్థయు పశువుల, పందుల క్లోమములనుండి ఇన్సులిన్ తీసి సీసాల కెత్తుటతో, మందే సముద్రములు దాటి రోగి యింటికి రాజొచ్చెను. ప్రమేహమును సహజమనియు, అపథ్యజనితమనియు ఏనాడో వేఱుపఱచి, సహజరోగి కృశించి దప్పిగొని యుండునని చెప్పిన సుశ్రుతుని దేశమునకు, ఆ సహజరోగిని బ్రతికించు ఔషధము పరదేశమునుండి రావలసివచ్చెను. అది ఏ జంతువు క్లోమమో అడుగకుండుటయే మేలని యెంచిన శాకాహార గృహములు మనలో ఎన్ని యుండెనో యెవరు లెక్కింపగలరు?

మధుమేహపు బిడ్డ గల యింట తల్లి దినచర్య చిన్నది కాదు. గాజు సిరంజిని, ఉక్కుసూదిని మరగించుట. బెనెడిక్ట్ ద్రావణములో మూత్రపు చుక్కలు వేసి స్పిరిట్ దీపముపై కాచి, నీలము ఆకుపచ్చగను, పసుపుగను, తుదకు ఇటుకరంగుగను మాఱు క్రమమును బట్టి చక్కెర పాలును ఊహించుట. ఫ్రిజ్ లేని యింట సీసాను తడిపిన మట్టికుండలో దాచుట. ఇంతటి సంభారముతో బిడ్డను ఊరు దాటించుటయే గండము. ఆకాశయానము మాట చెప్పనేల?

అయినను ఆకాశమార్గము తెఱచుకొననే తెఱచుకొనెను. 1940 డిసెంబరులో వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానపు అండతో బెంగుళూరున హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారమును స్థాపించినప్పుడు, దాని కనుబంధముగ వెలసిన విమానక్షేత్రమే పిదప ఆ నగరపు పౌరవిమానాశ్రయమై, 2008 మే నెలలో దేవనహళ్ళి విమానాశ్రయము తెఱచు వఱకు ప్రయాణికులను సాగనంపెను. 1945 లో నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి నెలకొల్పిన దక్కన్ ఎయిర్‌వేస్ డకోటా విమానములు, 1953 లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమగు వఱకు, దక్షిణాపథమున తిరుగుచుండెను. ఆ దినములలో ప్రయాణికుని సంచిలో సూదులున్నవా, సీసాలున్నవా యని వెదకు నేటివంటి తనిఖీ లేదు.

అటుపిమ్మటి కథలో 1978 విచిత్రమైన సంవత్సరము. 1971 లో ‘గంగ’ అను ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానమును అపహరించి లాహోరుకు మళ్ళించినది మొదలు హెచ్చిన దౌర్జన్యములకు విఱుగుడుగా ఢిల్లీలో పౌరవిమానయాన భద్రతా విభాగము ఏర్పడినది ఆ యేడే. సూక్ష్మజీవిచే మానవ ఇన్సులిన్‌ను తయారు చేయించవచ్చునని అమెరికాలో జెనెన్‌టెక్ శాస్త్రజ్ఞులు నిరూపించినది ఆ యేడే. బెంగుళూరు కోరమంగళలో ఒక కారుషెడ్డునందు, పదివేల రూపాయల మూలధనముతో కిరణ్ మజుందార్ బయోకాన్‌ను ఆరంభించినదియు ఆ యేడే. బొప్పాయిపాలనుండి ఎంజైము తీయుటతో మొదలిడిన ఆ సంస్థ 2004 లో ‘ఇన్సుజెన్’ పేర ఈస్టునుండి మానవ ఇన్సులిన్‌ను తీసి విపణికి తెచ్చెను. 2021 జూలైలో దాని గ్లార్జిన్ ఇన్సులిన్‌ను, మూలౌషధమునకు బదులుగా మందులషాపువాడే ఇయ్యదగినదని అమెరికా ప్రభుత్వము అంగీకరించెను. దిగుమతి సీసాకై ఎదురుచూచిన నగరమే సముద్రములు దాటించుటకు పూనుకొన్నది.

భద్రత మాత్రము నానాటికి బిగిసెను. 1985 నాటి ఎయిరిండియా ‘కనిష్క’ విమానపు దుర్ఘటన పిమ్మట, 1987 లో ఆ భద్రతా విభాగము స్వతంత్రశాఖ యయ్యెను. 1999 డిసెంబరు నాటి కాందహారు విమానాపహరణానంతరము కేంద్ర పారిశ్రామిక భద్రతాదళము విమానాశ్రయములలో నిలిచెను. 2001 సెప్టెంబరున అమెరికాపై జరిగిన విమానదాడుల తర్వాత సూది అనుమానవస్తువు కాగా, 2006 ఆగస్టున లండనులో ద్రవరూప విస్ఫోటకముల కుట్ర బయటపడిన పిమ్మట ద్రవమును అట్టిదే యయ్యెను. ఈ ఆజ్ఞలలో ఏదియు నిష్కారణము కాదు. కాని సూది, ద్రవము, జెల్లు, బ్యాటరీ యంత్రము అను నాలుగు అనుమానములును ఒక్క సంచిలోనే చేరినది మధుమేహపు బిడ్డకే. మందులకు మినహాయింపు ఉన్నది. పది మిల్లీలీటర్ల సీసా నూఱు మిల్లీలీటర్ల నియమమునకు లొంగనే లొంగును. చిక్కంతయు మంచుజెల్లు పొట్లములతోను, చక్కెర పడిపోయినప్పుడు త్రాగింపవలసిన పండ్లరసపు డబ్బాతోను వచ్చుచున్నది. ఆ మినహాయింపు వరుసలో నిలిచిన జవాను విచక్షణకు విడువక, బెంగుళూరు విమానాశ్రయపు తనిఖీ బల్లపైననే కన్నడ, తెలుగు, హిందీ, ఆంగ్లములలో వ్రాసి కట్టవలెనని నా యభిప్రాయము.

2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరికి ఎయిరిండియా నేరు విమానము నడచినది మొదలు, మన తెలుగు కుటుంబములకు ఈ యానము మఱింత చేరువయ్యెను. ఇక్కడినుండి అక్కడికి పోవునప్పుడు గడియారము శీతకాలమున పదమూడున్నర గంటలు వెనుకకు పోవును గనుక, దినమున కొకసారి వేయు గ్లార్జిన్ వేళను ముందే వైద్యునితో నిర్ణయించుకొనవలెను. దీనికంటె ప్రమాదమైనది మఱొకటి కలదు. మన దేశమున సీసా ఇన్సులిన్ సామాన్యముగ మిల్లీలీటరునకు 40 యూనిట్లది, దాని సిరంజి ఎఱ్ఱమూతది. అమెరికాలో దొరకునది 100 యూనిట్లది, దాని సిరంజి నారింజమూతది. అక్కడ కొన్న మందును ఇక్కడి సిరంజిలో పది గీత వఱకు లాగినచో, బిడ్డ ఒంటిలోనికి పోవునది పది కాదు, ఇరువదియైదు యూనిట్లు! పసివాని విషయమున ఈ భేదము ప్రాణాంతకము. కావున మందును, దాని సిరంజిని ఎన్నడును విడదీయరాదు.

కనుక బెంగుళూరునుండి బిడ్డతో బయలుదేరు తల్లిదండ్రులకు ఒక్క మనవి. కార్గోలో వేసిన పెట్టెయందు ఇన్సులిన్ గడ్డకట్టవచ్చును, ఒకసారి గడ్డకట్టినది కరగినను పనికిరాదు. కావలసినదానికి రెట్టింపు తీసికొని, అంతయు చేతిసంచులలోనే, తల్లి సంచిలో సగము, తండ్రి సంచిలో సగము ఉంచుడు. మందుల పేర్లతో వైద్యుడు వ్రాసిన చీటీ నకళ్ళను రెండింటిలోను పెట్టుడు. ఇన్సులిన్ పంపు తొడిగిన బిడ్డయైనచో, యంత్రపు తనిఖీకి బదులు చేతితనిఖీ కావలెనని ముందుగనే అడుగుడు.