కృష్ణ దాటిన త్రిభుజాలు: దక్కనులో త్రికోణమితి సర్వే

గద్వాలకూ వనపర్తికీ మధ్య కృష్ణ ప్రవహిస్తోంది. వానాకాలంలో నిండుగా పారే నదికి అడ్డంగా గొలుసు లాగి వెడల్పు కొలవడం ఎవరివల్లా కాదు. అయినా ఇవతలి ఒడ్డు మీద నుంచే ఆ వెడల్పు చెప్పవచ్చు. అవతలి ఒడ్డున మనకు సరిగ్గా ఎదురుగా ఒక చెట్టును గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి ఒడ్డు వెంబడి 100 మీటర్లు నడవండి. ఆ చోట నిలబడి, నడిచిన గీతకూ చెట్టును చూసే చూపుకూ మధ్య కోణం కొలవండి. అది 78 డిగ్రీలు వచ్చిందనుకుందాం. నడిచిన 100 మీటర్లు ఆసన్న భుజం, నది వెడల్పు ఎదుటి భుజం. టాన్ 78 డిగ్రీల విలువ సుమారు 4.70 కనుక వెడల్పు 470 మీటర్లు.

ఇప్పుడు ఇదే లెక్కను 79 డిగ్రీలతో చేయండి. జవాబు 514 మీటర్లు. ఒక్క డిగ్రీ పొరపాటుకు 44 మీటర్ల తేడా వచ్చింది. ఈ పాఠ్యభాగంలో మీరు చదవబోయే చరిత్ర అంతా ఆ ఒక్క డిగ్రీని, దానిలోని చిన్నచిన్న భాగాలను అదుపులో పెట్టడానికి జరిగిన ప్రయాస.

సూత్రం కొత్తది కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో 225 కలల అంతరంతో 24 జ్యా విలువలు ఉన్నాయి. మనం వాడే ‘సైన్’ అనే మాట కూడా ఆ ‘జ్యా’ అరబ్బీలోకి, అక్కడి నుంచి లాటినులోకి వెళ్లే దారిలో రూపం మారి వచ్చినదే. తొమ్మిదో శతాబ్దిలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో నీడల లెక్కలకు ప్రత్యేకంగా ఒక వ్యవహారమే ఉంది. శంకువు, దాని నీడ, రెండింటినీ కలిపే కర్ణం - ఇది లంబకోణ త్రిభుజమే. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే తెలుగు నేలకు ఈ త్రిభుజం ఇంగ్లీషువారు తెచ్చిపెట్టిన వస్తువు కాదు. వారు తెచ్చినది పరికరాన్ని, దాన్ని వందల మైళ్లు మోయించగల అధికారాన్ని.

1802 ఏప్రిల్ 10న మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ సమీపంలో విలియం లాంబ్టన్ మొదటి ఆధారరేఖ కొలత మొదలుపెట్టాడు. పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. 100 అడుగుల ఉక్కు గొలుసును దాదాపు 400 సార్లు పరచాల్సి వచ్చింది. ఆ గొలుసుకూ ఒక కథ ఉంది. చైనా చక్రవర్తికి కానుకగా తీసుకెళితే అక్కడ స్వీకరించలేదు. అది తిరిగి తిరిగి భారతదేశం చేరింది. కోణాలు కొలిచే పెద్ద థియోడలైట్ బరువు అర టన్ను. 1808లో తంజావూరు ప్రాంతంలో ఒక ఆలయ గోపురం పైకి ఎక్కిస్తుండగా తాడు తెగి దెబ్బతింటే, లాంబ్టన్ దాన్ని స్వయంగా బాగుచేసుకున్నాడు.

పద్ధతిలో ఒకే ఒక మెలిక ఉంది. నేల మీద గొలుసుతో కొలిచేది ఒక్క రేఖనే. దాని రెండు కొనల నుంచి దూరంగా ఉన్న ఒక గుట్టను చూసి కోణాలు తీసుకుంటారు. ఆ త్రిభుజంలో శిఖరం నుంచి లంబం గీస్తే రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి, వాటితో మిగిలిన రెండు భుజాలు తెలుస్తాయి. అలా లెక్కగట్టిన భుజమే తర్వాతి త్రిభుజానికి ఆధారం. ఇలా గొలుసుకట్టుగా సాగుతుంది. మరి తప్పులు పోగుపడవా? పడతాయి. అందుకే కొంత దూరం వెళ్లాక మళ్లీ ఒక రేఖను నేల మీద కొలిచి లెక్కతో పోల్చేవారు. 1804లో బెంగళూరు దగ్గర అలా కొలిచినప్పుడు ఏడు మైళ్ల రేఖలో తేడా నాలుగు అంగుళాలకు లోపే వచ్చింది.

1811లో గుత్తి దగ్గర, 1815లో బీదరుకు సమీపంలోని దామరగిద్ద దగ్గర ఆధారరేఖలు కొలిచారు. ఈ రెండింటి మధ్య సుమారు మూడు అక్షాంశ డిగ్రీల దూరం. తుంగభద్ర, కృష్ణ రెండూ ఆ మధ్యలోనే ఉన్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడూ 16, 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాల నడుమ, 78వ రేఖాంశానికి అటూ ఇటూ ఉన్నాయి. మహాచాపం అని పిలిచే ఆ త్రిభుజాల గొలుసు ఈ అక్షాంశాలను దాటుకునే ఉత్తరానికి వెళ్లింది. అప్పట్లో ఇదంతా నిజాం రాజ్యం, గద్వాల, వనపర్తి సంస్థానాలు. పానగల్లు, ఘనపురం దుర్గాలున్న గుట్టలను చూసినవారికి ఈ నేల సర్వేకు ఎందుకు అనువైనదో అర్థమవుతుంది. మైదానంలో విడిగా నిలిచిన గుట్ట పైనుంచి చూపు చాలా దూరం ఆనుతుంది. నల్లమల వైపు దట్టమైన అడవిలో అలా కుదరదు.

గుట్టెక్కి దుర్బిణీతో ఊళ్లను చూసేవాళ్లను జనం నమ్మలేదు. అది గోడల్లోంచి చూస్తుందని, జనానాలోకి తొంగిచూస్తుందని చాలాచోట్ల అనుమానపడ్డారు. పాఠ్యపుస్తకాలు దీన్ని అమాయకత్వంగా రాస్తాయి. నేను ఒప్పుకోను. పటం తయారైతే సైన్యానికి దారి తెలుస్తుంది, శిస్తుకు లెక్క దొరుకుతుంది. భయపడినవారు కారణాన్ని తప్పుగా చెప్పి ఉండవచ్చు కానీ, భయం మాత్రం తప్పు కాదు.

విద్యార్థులు ఇక్కడ మరో విషయం గమనించాలి. భూమి చదునైనది కాదు కనుక ఇంత పెద్ద త్రిభుజాల్లో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలను కొంచెం మించుతుంది. ఒక్కో భుజం 48 కిలోమీటర్లున్న సమబాహు త్రిభుజంలో ఆ అదనం సుమారు 5 సెకన్లు. డిగ్రీలో 3,600వ వంతు ఒక సెకను. అంత సూక్ష్మాన్ని కూడా లెక్కలోంచి తీసివేసి దిద్దుకునేవారు.

1818లో ఈ పనికి మహా త్రికోణమితి సర్వే అన్న పేరు వచ్చింది. ఆ ఏడాదే లాంబ్టన్ 8 డిగ్రీల 9 నిమిషాల నుంచి 18 డిగ్రీల 3 నిమిషాల వరకు కొలిచిన చాపం ఫలితాలను లండనులో ప్రచురించాడు. ఏడాది చివర జార్జ్ ఎవరెస్టు హైదరాబాదులో అతని దగ్గర సహాయకుడిగా చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో పనిచేస్తున్నప్పుడు ఎవరెస్టు బృందాన్ని జ్వరాలు పట్టుకున్నాయి. కొందరు చనిపోయారు. ఎవరెస్టు కోలుకోవడానికి 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్లాడు. జెండాలు పట్టినవారికి, పరికరం మోసిన కూలీలకు ఆ వీలు లేదు.

ఇప్పుడు మీరే ఒక భుజం కనుక్కోండి. గద్వాల కంటే వనపర్తి సుమారు 14 కిలోమీటర్లు ఉత్తరానికీ, 29 కిలోమీటర్లు తూర్పుకీ ఉంది. వర్గాల మొత్తం 1,037. దాని వర్గమూలం 32కు కొంచెం ఎక్కువ. అదే కర్ణం, రెండు ఊళ్ల మధ్య సూటి దూరం. 29ని 14తో భాగిస్తే 2.07. అంటే గద్వాలలో నిలబడినవారికి వనపర్తి ఉత్తరం నుంచి తూర్పుకు సుమారు 64 డిగ్రీల దిశలో ఉంటుంది. బస్సులో వెళ్లే దూరం ఇంతకంటే ఎక్కువే. రోడ్డు కృష్ణను వంతెన ఉన్నచోటే దాటాలి కదా.