గురువు చెవి: దూరవిద్యలో సంగీత స్నాతకోత్తర అధ్యయనం – చారిత్రక పరిశీలన

సంగీతం గురుముఖతః అభ్యసించవలసిన విద్య అని మన సంప్రదాయం. ఆ దృష్టితో చూస్తే దూరవిద్య ద్వారా సంగీతంలో ఎం.ఏ. చదవడం, అందునా పూర్వాభ్యాసం లేనివారు చదవడం, అసంగతంగా తోస్తుంది. అయితే గురువు ఎదుట లేని విద్యార్థికి సంగీతాన్ని అందించే ప్రయత్నం దూరవిద్యా కేంద్రాలు ఏర్పడక ముందే తెలుగులో జరిగింది. ఆ ప్రయత్నం ఏ మేరకు ఫలించిందో, ఎక్కడ ఆగిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చరిత్రలో ప్రధాన ఘట్టం సుబ్బరామ దీక్షితుల (1839–1906) 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'. 1904లో తమిళదేశంలోని ఎట్టయపురంలో వెలువడిన ఈ బృహద్గ్రంథం తెలుగు భాషలో, తెలుగు లిపిలో ఉంది. 72 మేళాల క్రమంలో రాగలక్షణాలను వివరించి, రచనలను స్వరసహితంగా ఇచ్చి, కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు ప్రత్యేక సంకేతాలను దీక్షితులు ఇందులో వాడారు. కుటుంబ పరంపరలో కంఠస్థంగా నిలిచిన విద్య దీనితో పాఠకలోకానికి అందింది. మరుసటి ఏడు, 1905లో, ఆయనే 'ప్రథమాభ్యాస పుస్తకము' వెలువరించారు. ఈ క్రమం గమనార్హం. మహాగ్రంథం ఉన్నంత మాత్రాన ప్రారంభకుడి అవసరం తీరదనడానికి ఇదే నిదర్శనం.

తరువాతి ఘట్టం సంస్థాగత విద్య. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షులుగా సంగీత కళాశాల ఏర్పడడంతో గురువు ఇంటి విద్య తరగతి గదికి వచ్చింది. అనంతరం ఆకాశవాణి సంగీత శిక్షణ కార్యక్రమాలు గురువు కంఠాన్ని శ్రోత ఇంటికే చేర్చాయి.

ఈ ఘట్టాలను కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పుస్తకం స్వరాన్ని దూరానికి పంపింది. రేడియో కంఠాన్ని పంపింది. గురువు చెవిని మాత్రం ఈ రెండూ పంపలేకపోయాయి. తోడి రాగంలో గాంధారాన్ని 'గ' అనే ఒక్క అక్షరంతో రాస్తాం. పాడేటప్పుడు అది కంపితమై పలుకుతుంది. ఆ కంపితం సరిగా పలికిందో లేదో కొత్త విద్యార్థి తనంతట తాను గుర్తించలేడు. విని దిద్దేవారు కావాలి.

ప్రాచీనులు చేసిన లక్ష్య లక్షణ విభాగం ఇక్కడ ఉపకరిస్తుంది. రాగవర్గీకరణ, వాగ్గేయకార చరిత్ర, శాస్త్రగ్రంథ పరిశీలన వంటి లక్షణాంశాలను శ్రద్ధగల విద్యార్థి దూరవిద్యలోనూ సాధించగలడు. సాహిత్య, చరిత్ర పరిశోధనలలో శిక్షణ ఉన్నవారికి ఇది మరింత సుకరం. లక్ష్యం అనగా గానం అలా సిద్ధించదు. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు అనే సోపానక్రమాన్ని రెండేళ్ల స్నాతకోత్తర పాఠ్యప్రణాళికలో ఇమడ్చడం దుస్సాధ్యం.

అలాగని తలుపు మూయడం న్యాయం కాదు. కులం, దూరం, వయస్సు, ఉద్యోగం కారణంగా గురుకులానికి చేరలేకపోయినవారికి సంగీతాన్ని విద్యావిషయంగా అందించిన ఘనత దూరవిద్యది. అయితే పూర్వాభ్యాసం లేనివారికి ప్రవేశానికి ముందు పునాది పాఠ్యక్రమం ఉండాలి. సంపర్క తరగతులను ఉపన్యాసాలకు కాక, విద్యార్థి పాడగా విని సవరించడానికి వినియోగించాలి. లేనిపక్షంలో పట్టా శాస్త్రజ్ఞానాన్ని మాత్రమే ధ్రువీకరిస్తుంది. లోకం దానిని గానవిద్యకు ప్రమాణంగా స్వీకరిస్తుంది. ఈ అంతరం తొలగినప్పుడే 'ప్రథమాభ్యాస పుస్తకము' సూచించిన మార్గం విశ్వవిద్యాలయంలో సార్థకమవుతుంది.