మడక పోయి డిస్కులు వచ్చిన కథ

ఈసారి మన నేల సంగతి రాస్తున్నాం, కాస్త ఓపికగా చదవండి.

మన పావగడ తాలూకా ఉండేది తుమకూరు జిల్లాలో, చుట్టూ మూడు దిక్కులా ఆంధ్రా. రాష్ట్రం మారినా మాట మారలేదు, సేద్యం కూడా మారలేదు. రొద్దంలో మడక అంటే మనకూ మడకే. టిప్పు సుల్తాన్ పడిపోయాక, 1800లో బుకానన్ దొర మైసూరు సీమంతా తిరిగి, 1807లో అచ్చయిన తన పుస్తకంలో ఇక్కడి సేద్యం పనిముట్ల గురించి కూడా రాశాడు. మన తాతలు వాడినవీ దాదాపు అవే: మడక, గుంటక, గొర్రు.

గుంటక అంటే పిల్లలకు తెలియకపోవచ్చు. ఒక కొయ్య దిమ్మె, దాని కింద అడ్డంగా బిగించిన ఇనుప పట్టీ, అంతే. ఎద్దులు లాగుతుంటే అది నేలను తిరగెయ్యదు. పైన రెండు మూడు అంగుళాలు గీరి కలుపు కోస్తుంది, పైమట్టిని పొడి చేస్తుంది. ఆ పొడి కిందనే పదును నిలబడేది. వాన తక్కువ సీమలో ఇది చిన్న తెలివి కాదు.

హెచ్.ఎం.టి. వాళ్లు 1971లో ట్రాక్టర్లు మొదలుపెట్టారు. మన పల్లెల్లోకి ట్రాక్టరు వచ్చాక దాని వెనకే కల్టివేటరు, ఆ తర్వాత డిస్కులు వచ్చాయి. డిస్క్ హ్యారోలో గిన్నెల్లాంటి ఇనుప చక్రాలు వరసగా ఇరుసుకు గుచ్చి ఉంటాయి. ఆ వరసను ఏటవాలుగా ఎంత తిప్పితే అంత లోతు కోస్తుంది. గడ్డలు పగులుతాయి, పోయినేటి కట్టె ముక్కలై మట్టిలో కలుస్తుంది. రాయి తగిలితే చక్రం దాని మీద దొర్లిపోతుంది, మన గులకరాళ్ల చేలకు ఇదే పెద్ద లాభం. శెనక్కాయ ఊడలు దిగడానికి నేల గుల్లగా ఉండాలి కదా, అందుకే అందరూ డిస్కులకే మొగ్గారు. ఎద్దులతో రోజుల తరబడి చేసే పని ఒక పూటలో అయిపోతుంటే ఎవరు కాదంటారు?

చెడు కూడా చెప్పాలి. మనది ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రనేల. రెండు మూడు సార్లు డిస్కులు తోలితే మట్టి పిండి అవుతుంది. గాలికి లేచిపోతుంది, వాన పడి ఎండితే పైన పెచ్చు కట్టి మొలకను పైకి రానివ్వదు. ఏటా అదే లోతుకు తోలితే అడుగున గట్టి పొర పడుతుంది. పదును చూసి, వాలుకు అడ్డంగా, ఒక్కసారి తోలించి ఆపెయ్యడమే మేలని మా అభిప్రాయం. చిన్న కమతం వాళ్లకు బాడుగ ఖర్చూ తగ్గుతుంది.

ఇంకో సంగతి. తిరుమణి, వళ్లూరు చుట్టుపక్కల అయిదు ఊళ్లలో దాదాపు 13,000 ఎకరాల మీద ఇప్పుడు సోలార్ పలకలు ఉన్నాయి. 2018లో పార్కు మొదలైంది. మొదట ఎకరాకు ఏటికి 21,000 రూపాయల గుత్త, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు. కరువులో నలిగిన వాళ్లకు అది అన్నం పెట్టింది, కాదనం. భూమి మాత్రం అమ్మలేదు, గుత్తకే ఇచ్చారు. గడువు తీరాక ఆ చేలు తిరిగి మన పిల్లల చేతికే వస్తాయి.

మీ ఇళ్లలో అటకల మీద పాత గుంటకలు, గొర్రు జడ్డిగాలు ఉంటే కట్టెల కింద కొట్టెయ్యకండి. ఫోటో తీసి, ఏ పేరుతో పిలిచేవాళ్లో పెద్దలను అడిగి రాసి, మాకు పంపండి.