తరగతి గది నుంచి విచారణ సంఘానికి: మేరీ వార్నాక్, అనువర్తిత నీతిశాస్త్రం

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- 20వ శతాబ్దపు బ్రిటన్‌లో నీతిశాస్త్రం పదాల విశ్లేషణ నుంచి ప్రజల సమస్యల వైపు ఎలా మళ్ళిందో వివరించగలుగుతారు.
- మేరీ వార్నాక్ అధ్యక్షత వహించిన రెండు విచారణ సంఘాల పనిని, ఫలితాలను తెలియజేయగలుగుతారు.
- నైతికంగా సరైనదానికీ, చట్టంగా ఆమోదయోగ్యమైనదానికీ ఉన్న తేడాను చర్చించగలుగుతారు.

పరిచయం

కొన్నేళ్ళ కిందట ఒక ఆదివారం సంపర్క తరగతిలో ఉపయోగితావాదం గురించి గంటసేపు చెప్పి, సందేహాలుంటే అడగమన్నాను. వెనక వరుసలో కూర్చున్న ఒకావిడ లేచి నిలబడ్డారు. ఆమె ఒక సంతాన సాఫల్య కేంద్రంలో నర్సు. "సార్, మా దగ్గర దంపతులకు బిడ్డ పుట్టాక కూడా కొన్ని పిండాలు నైట్రోజన్ ట్యాంకులో మిగిలిపోతాయి. కొందరు మళ్ళీ రారు, ఫోనూ ఎత్తరు. వాటిని మనుషులనుకోవాలా, వస్తువులనుకోవాలా?" అని అడిగారు. నా నోట్సులో దానికి జవాబు లేదు. ఏదో చెప్పాను కానీ, ఆ జవాబు నాకే తృప్తినివ్వలేదు.

ఆ ప్రశ్ననే 1982లో బ్రిటిష్ ప్రభుత్వం ఒక తత్వశాస్త్ర అధ్యాపకురాలి ముందు పెట్టింది. ఆమె పేరు మేరీ వార్నాక్. ఆమె విద్యాజీవితాన్ని పరిశీలిస్తే అనువర్తిత నీతిశాస్త్రం అనే పాఠ్యవిభాగం ఎందుకు పుట్టిందో, దాని శక్తి ఏమిటో, హద్దులు ఏమిటో మీకు తెలుస్తాయి.

పదాల నీతిశాస్త్రం

మేరీ వార్నాక్ 1924 ఏప్రిల్ 14న ఇంగ్లండ్‌లోని వించెస్టర్‌లో జన్మించారు. ఆమె పుట్టకముందే తండ్రి మరణించారు. ఏడుగురు సంతానంలో ఆమె చివరివారు. 1942లో ఆక్స్‌ఫర్డ్‌లోని లేడీ మార్గరెట్ హాల్‌లో చేరి గ్రీకు, లాటిన్ సాహిత్యాలతో పాటు తత్వశాస్త్రం చదివారు. 1949లో తత్వవేత్త జెఫ్రీ వార్నాక్‌ను వివాహం చేసుకున్నారు. అదే ఏడాది సెయింట్ హ్యూస్ కళాశాలలో అధ్యాపకురాలై, 1966 వరకు అక్కడే బోధించారు. ఐదుగురు పిల్లలను పెంచుతూనే ఆమె ఈ పని చేశారని గుర్తుంచుకోండి.

అప్పటి ఆక్స్‌ఫర్డ్‌లో నీతిశాస్త్రం ఎలా ఉండేది? 1903లో జి.ఇ. మూర్ 'మంచి' అనే పదాన్ని నిర్వచించలేమని వాదించాడు. 1936లో ఎ.జె. అయర్, నైతిక వాక్యాలు సత్యాసత్యాలను తెలపవనీ, మన భావాలను వ్యక్తం చేస్తాయనీ అన్నాడు. 1952లో ఆర్.ఎం. హేర్ అవి ఆదేశాల వంటివన్నాడు. ముగ్గురి మధ్యా భేదాలున్నాయి. అయినా ముగ్గురి ప్రధాన ప్రశ్నా ఒక్కటే: నైతిక పదాలకు అర్థం ఏమిటి? అబద్ధం ఆడవచ్చా, యుద్ధానికి వెళ్ళవచ్చా, ఉన్నదాన్ని ఎలా పంచుకోవాలి అనే ప్రశ్నలకు జవాబు చెప్పడం తత్వవేత్త పని కాదనే అభిప్రాయం బలంగా ఉండేది.

వార్నాక్ 1960లో ప్రచురించిన '1900 నుంచి నీతిశాస్త్రం' అనే పుస్తకంలో ఈ ధోరణిని విమర్శించారు. పదాల చుట్టూ తిరిగి నీతిశాస్త్రం పసలేని విషయంగా మారిందన్నది ఆమె ఫిర్యాదు. తరువాత ఆమె ఫ్రెంచి తత్వవేత్త సార్త్ర్ రచనలపై పుస్తకాలు రాశారు. 1966లో విశ్వవిద్యాలయ ఉద్యోగం వదిలి ఆక్స్‌ఫర్డ్ బాలికల ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్ళారు. 1972 వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. ఏ పిల్లకు ఎంత సాయం అందాలి, ఎవరి కోసం ఏ నియమాన్ని సడలించాలి వంటి ప్రశ్నలు ప్రధానోపాధ్యాయురాలికి రోజూ ఎదురయ్యేవే. వాటిని వాయిదా వేయడం కుదరదు.

కాలం మారిన తీరు

ఈ మార్పు ఒక్క వ్యక్తితో వచ్చింది కాదు. నాజీ వైద్యుల విచారణ తరువాత 1947లో న్యూరెంబర్గ్ నియమావళి వెలువడింది. మనుషులపై ప్రయోగం చేయాలంటే వారి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని అది చెప్పింది. వెంటిలేటర్, డయాలిసిస్, అవయవ మార్పిడి వంటివి వైద్యులకు కొత్త సందిగ్ధాలు తెచ్చాయి. 1969లో అమెరికాలో హేస్టింగ్స్ సెంటర్ ఏర్పడింది. 1971లో జాన్ రాల్స్ న్యాయ సిద్ధాంతంపై తన గ్రంథాన్ని ప్రచురించాడు. 1972లో పీటర్ సింగర్ తూర్పు బెంగాల్ కాందిశీకుల ఆకలిని ఉదాహరణగా తీసుకుని, సంపన్న దేశాల ప్రజల బాధ్యతపై వ్యాసం ప్రచురించాడు. తత్వవేత్తలు మళ్ళీ ఊళ్ళో జరిగేదాని గురించి మాట్లాడడం మొదలుపెట్టారు.

మొదటి సంఘం: ప్రత్యేక అవసరాలు

1974లో బ్రిటిష్ ప్రభుత్వం వైకల్యం గల పిల్లల విద్యపై విచారణ సంఘం వేసి, వార్నాక్‌ను అధ్యక్షురాలిగా నియమించింది. అంతకుముందు అక్కడ పిల్లలను వైద్యుల లెక్క ప్రకారం వర్గాలుగా విడదీసేవారు. చదువు చెప్పడానికే పనికిరారని తేల్చిన పిల్లలు 1970 నాటి చట్టం వచ్చేవరకు విద్యాశాఖ పరిధిలోకే రాలేదు.

1978 నివేదిక ప్రశ్ననే మార్చింది. ఈ బిడ్డకు ఉన్న లోపం ఏమిటి అని కాక, ఈ బిడ్డ చదువుకోవడానికి ఏ సాయం కావాలి అని అడగాలంది. విద్య లక్ష్యాలు అందరు పిల్లలకూ ఒకటేనని, ఒక్కొక్కరికి కావలసిన తోడ్పాటే వేరని వాదించింది. ప్రతి ఐదుగురిలో ఒకరికి చదువుకునే కాలంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రత్యేక సాయం అవసరమవుతుందని అంచనా వేసింది. 1981 విద్యాచట్టం ఈ ఆలోచనపైనే వచ్చింది. మన మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాల్లో 'ప్రత్యేక అవసరాలు గల పిల్లలు' అనే మాట మీరు విని ఉంటారు. ఆ మాట వెనుక ఉన్నదీ ఇదే దృష్టి.

కథ అక్కడితో ముగియలేదు. 2005లో, 81 ఏళ్ళ వయసులో, వార్నాక్ ఒక చిన్న పుస్తకం రాసి తన పాత నివేదికనే తప్పుబట్టారు. పిల్లలందరినీ ఒకే బడిలో కూర్చోబెట్టడమే లక్ష్యమైపోయిందని, కొందరు పిల్లలు అక్కడ ఒంటరివారై బాధపడుతున్నారని, వారికి చిన్న ప్రత్యేక పాఠశాలలే మేలని అన్నారు. సహిత విద్య కోసం పోరాడుతున్నవారు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. లోపం సిద్ధాంతంలో లేదనీ, బడులకు తగినంత డబ్బు, సిబ్బంది ఇవ్వకపోవడంలో ఉందనీ వారి వాదన. ఈ వివాదంలో ఎవరి పక్షం బలమైనదో మీరే ఆలోచించండి.

రెండవ సంఘం: పద్నాలుగు రోజులు

1978 జూలై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో ప్రపంచంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ జన్మించింది. అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో మరో పాప పుట్టింది. ఆయన చెప్పినదాన్ని మన అధికారులు నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. నిష్పాక్షికంగా విచారించే సంస్థలు లేకపోతే ఎంత నష్టం జరుగుతుందో చెప్పడానికి ఈ ఉదంతం చాలు.

బ్రిటన్‌లో 1982లో 16 మంది సభ్యులతో విచారణ సంఘం ఏర్పడింది. ఆ సంఘానికీ వార్నాకే అధ్యక్షురాలు. వైద్యులు, న్యాయనిపుణులు, మతశాస్త్ర అధ్యాపకుడు, సామాజిక సేవా రంగం వారు అందులో ఉన్నారు. పిండాలపై పరిశోధన చేయవచ్చా అన్నదే అన్నిటికంటే కఠినమైన ప్రశ్న. పిండం ఎప్పటి నుంచి మనిషి అవుతుందనే వాదనలోకి దిగితే ఎటూ తేలదని వార్నాక్ గుర్తించారు. దాని బదులు, పిండం పట్ల మనం ఎలా ప్రవర్తించడం సరైనది అని సంఘం ప్రశ్నించుకుంది.

సభ్యురాలైన జీవశాస్త్రవేత్త ఆన్ మెక్‌లారెన్ పిండాభివృద్ధి దశలను మిగతా సభ్యులకు వివరించారు. ఫలదీకరణ తరువాత సుమారు 15వ రోజున పిండంలో 'ప్రిమిటివ్ స్ట్రీక్' అనే గీత ఏర్పడుతుంది. అంతవరకు ఒకే పిండం రెండుగా విడిపోయి కవలలు కావచ్చు. ఆ గీత ఏర్పడ్డాకే అది ఒక నిర్దిష్ట వ్యక్తిగా ఎదిగే దారి పడుతుంది. 1979లో అమెరికాలోని ఒక నైతిక సలహా మండలి కూడా 14 రోజుల హద్దునే సూచించింది. వార్నాక్ సంఘం 1984 నివేదికలో ఆ హద్దు దాటి పరిశోధన చేయడాన్ని నేరంగా పరిగణించాలని సిఫారసు చేసింది.

సంఘంలో ఏకాభిప్రాయం కుదరలేదు. ముగ్గురు సభ్యులు పరిశోధనే వద్దని అసమ్మతి తెలిపారు. అద్దె గర్భం విషయంలోనూ అసమ్మతి వచ్చింది. వార్నాక్ ఆ అసమ్మతి పత్రాలన్నిటినీ నివేదికలోనే అచ్చు వేయించారు. బయట విమర్శలు రెండు వైపుల నుంచీ వచ్చాయి. పిండం మొదటి క్షణం నుంచే పవిత్రమని నమ్మేవారికి 14 రోజులు ఘోరం. ఆర్.ఎం. హేర్ వంటి తత్వవేత్తకు నివేదికలో తగిన వాదన లేకపోవడం లోపం.

వార్నాక్ సమాధానాన్ని జాగ్రత్తగా గమనించండి. ఎక్కడో ఒకచోట దాటరాని హద్దు ఉండాలని జనం కోరుకుంటారు. ఆ భావన హేతువుకు అందకపోయినా దాన్ని కొట్టిపారేయకూడదు. అయితే చట్టంలో రాసే హద్దు అందరూ లెక్కపెట్టగలిగేదై ఉండాలి. మన ఓటు హక్కు వయసునే తీసుకోండి. 18 ఏళ్ళు నిండిన రోజున ఎవరికీ కొత్తగా తెలివి రాదు. అయినా ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. రోజులు కూడా అలాగే లెక్కకు అందుతాయి.

1985 ఫిబ్రవరిలో ఎనాక్ పావెల్ ప్రవేశపెట్టిన నిషేధ బిల్లుకు కామన్స్ సభలో 238 మంది అనుకూలంగా, 66 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. సమయం చాలక అది చట్టం కాలేదు. ఐదేళ్ళ చర్చ తరువాత, 1990 ఏప్రిల్‌లో అదే సభ 364 - 193 ఓట్లతో పరిశోధనకు అనుమతినిచ్చింది. 1990 చట్టం కింద ఏర్పడిన నియంత్రణ సంస్థ 1991 నుంచి పని చేస్తోంది. ఆ ఐదేళ్ళలో సభ్యులు, ప్రజలు విషయాన్ని నేర్చుకున్నారు. నివేదిక సాధించిన అసలు ఫలితం అదే అని నా అభిప్రాయం.

వార్నాక్ 1985లో ప్రభువుల సభలో ప్రవేశించారు. 1991 వరకు కేంబ్రిడ్జ్‌లోని గిర్టన్ కళాశాల అధిపతిగా ఉన్నారు. కారుణ్య మరణం విషయంలో కూడా మొదట వ్యతిరేకించి, తరువాత సమర్థించారు. మతిమరుపు వ్యాధిగ్రస్తుల గురించి 2008లో ఆమె చేసిన వ్యాఖ్యలు చాలామందిని నొప్పించాయి. ఆమె చెప్పిందంతా అంగీకరించాలని నేను అనను. 2019 మార్చి 20న ఆమె మరణించారు.

నర్సు ప్రశ్నకు మళ్ళీ

మన దేశంలో 2021లో సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం, సరోగసీ నియంత్రణ చట్టం వచ్చాయి. పిండాలను 10 సంవత్సరాలకు మించి నిల్వ చేయరాదు. గడువు తీరాక వాటిని నశించనివ్వాలి, లేదా దంపతుల సమ్మతితో నమోదైన పరిశోధన సంస్థకు ఇవ్వాలి. మూలకణ పరిశోధనపై మన జాతీయ మార్గదర్శకాలలోనూ 14 రోజుల హద్దే ఉంది. 2016లో శాస్త్రవేత్తలు పిండాలను ప్రయోగశాలలో దాదాపు 13 రోజులు పెంచగలిగారు. దాంతో ఆ హద్దును సడలించాలనే చర్చ మళ్ళీ మొదలైంది.

ఆ నర్సు ఈరోజు అడిగితే చట్టం ఏమంటుందో చెప్పగలను. మనుషులా, వస్తువులా అనే ప్రశ్నకు మాత్రం, ఆ రెండు పేర్లలో దేనికీ పిండం పూర్తిగా ఒదగదని చెబుతాను. వస్తువు కాదు కనుకనే సమ్మతి, గడువు, హద్దు అవసరమయ్యాయి. మనిషితో సమానం కాదు కనుకనే నశించనివ్వడాన్ని చట్టం హత్య అనలేదు. ఈ జవాబు ఆమెకు పూర్తి తృప్తినివ్వకపోవచ్చు. అయినా రోజూ ఆ ట్యాంకు మూత తీసి చూసే మనిషికి అలాంటి ప్రశ్న కలగడమే అనువర్తిత నీతిశాస్త్రానికి మొదలు. మీ ఉద్యోగంలో, మీ ఇంట్లో అలాంటి ప్రశ్న ఏదో ఒకటి తప్పక ఉంటుంది. దాన్ని రాసుకుని తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1960 నాటి నీతిశాస్త్రంపై వార్నాక్ చేసిన విమర్శ ఏమిటి?
2. 1978 నివేదిక విద్యారంగంలో తెచ్చిన దృష్టి మార్పును వివరించండి. 2005లో ఆమె తన అభిప్రాయాన్ని ఎందుకు మార్చుకున్నారు?
3. 14 రోజుల హద్దుకు జీవశాస్త్రం ఇచ్చిన ఆధారం ఏమిటి? చట్టం ఇచ్చిన కారణం ఏమిటి? రెండూ ఒకటేనా?
4. అసమ్మతి పత్రాలను నివేదికలోనే ప్రచురించడం ఎందుకు ముఖ్యం? మీ అభిప్రాయాన్ని 10 వాక్యాలలో రాయండి.