వేపాకు, సూది, చేప

హైదరాబాద్ పరిసరాల్లో దమ్మాయిగూడ, నాచారం వైపు ఇప్పటికీ పిల్లల ఒంటిమీద నీటిపొక్కులు లేస్తే చాలా ఇళ్లలో డాక్టర్ కంటే ముందు వేపాకు వస్తుంది. పోపు పెట్టరు, అమ్మవారు దిగేదాకా మాత్రలు వద్దంటారు. ఇవన్నీ మశూచి నాటి నియమాలు. 1813లో జంటనగరాల్లో అంటువ్యాధి ప్రబలితే, ఉజ్జయినిలో ఉన్న సైనికుల మొక్కుతోనే సికింద్రాబాద్ మహంకాళి బోనాలు మొదలయ్యాయని చెబుతారు. టీకా 1802లోనే బొంబాయి చేరినా, మశూచి సోకాక నయంచేసే మందు అప్పట్లో లేదు. అలాంటప్పుడు మొక్కుకోవడంలో అవివేకమేముంది? 1977 నాటికి దేశంలో మశూచి పోయింది. నియమాలు మాత్రం ఆటలమ్మకు మిగిలాయి.

సూది కథ దీనికి తలకిందులు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో డాక్టర్ రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. ఆ దోమలతో కుట్టించుకున్న మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకు అణా చొప్పున ముట్టింది. మరుసటి ఏడు కలకత్తాలో అదే రాస్‌కు వేలు పొడిపించుకునే రోగులే కరువయ్యారు. ప్లేగు టీకా పుకార్లతో సూదంటేనే జనం హడలిపోయారు. పెన్సిలిన్ వంటి మందుల గుణం కళ్లారా చూశాక ఆ భయం మోజుగా మారింది. ఇప్పుడు సూది వెయ్యని ఆర్ఎంపీ గడప రెండోసారి తొక్కనివాళ్లు బస్తీల్లో ఎందరో.

ఉచితంగా పరీక్ష చేస్తామన్నా జనం ఎందుకు రారన్న ప్రశ్న 1950లలో అమెరికానూ వేధించింది. క్షయ పరీక్షకు ఎక్స్‌రే బండ్లు ఇంటి దగ్గరికే వెళ్లినా చాలామంది కదల్లేదు. లక్షణాలు లేకున్నా జబ్బు ఉండొచ్చనీ, ముందే తెలిస్తే మేలనీ నమ్మినవాళ్లే ఎక్కువగా వచ్చారని పరిశోధకుడు గాడ్‌ఫ్రే హాక్‌బామ్ గమనించాడు.

అన్నిటికంటే చిక్కు ఆస్తమాది. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని, అది ఆఖరి దశకు వాడేదని వెనకాడే రోగే మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు కోసం గంటల తరబడి నిలబడతాడు. 1845 నుంచి ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెప్పే మందును బతికున్న కొరమీను పిల్ల నోట్లో పెట్టి మింగిస్తారు. నలభై అయిదు రోజుల పథ్యం, వరసగా మూడేళ్లు. జన విజ్ఞాన వేదిక వంటి సంఘాలు శాస్త్రీయ ఆధారం అడుగుతూనే ఉన్నాయి. కానీ ఆస్తమా తనంతట తానే హెచ్చుతగ్గులయ్యే జబ్బు. తగ్గిన ఏడాది ఘనత చేపకు పోతుంది, తగ్గకపోతే తప్పు పథ్యం మీదికి వెళ్తుంది. ఓడిపోవడానికి వీల్లేని వైద్యమిది!

2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి ఆనందయ్య కోవిడ్‌కు ఇచ్చే నాటుమందు కోసం జనం వరదలా వెళ్లారు. కోవిడ్ టీకా కోవాగ్జిన్ తయారైన జీనోమ్ వ్యాలీ దమ్మాయిగూడ ఉన్న మేడ్చల్ జిల్లాలోదే. అయినా ఆ నెలలో టీకాలకూ కటకటే. మే 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప ఆనందయ్య మిగిలిన మందులకు అనుమతిచ్చింది, డాక్టర్లు రాసిన మందులు మాత్రం మానొద్దని చెబుతూ.